నాన్న చెవికి ధర ఎంత?

కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్న మనిషిలా ఉన్నాడంటాం. పళ్ళసెట్టు కట్టించుకుంటే ఎవరూ పట్టించుకోరు. చెవికి మిషన్ పెట్టుకుంటే మాత్రం ‘అయ్యో, ముసలాడైపోయాడు’ అంటాం. మన మాటలు కూడా అలాగే ఏడ్చాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, చెవిటి మాలోకం, బ్రహ్మచెవుడు... సినిమాలో కామెడీ తక్కువైతే ఒక చెవిటి తాతని తెచ్చి పెట్టేస్తారు. అందుకే వినికిడి తగ్గిన పెద్దవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళరు. ‘నాకేం, బాగానే వినపడుతోంది. మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారు’ అంటారు.

మా నాన్న కూడా నాలుగేళ్ళు అదే మాట మీద ఉన్నారు. ఆయనకి 64. తణుకు దగ్గర ఒక రైసు మిల్లులో 31 ఏళ్ళు మిషన్లు చూసుకునే పని. ఆ హోరులో పక్కనున్న మనిషితో కూడా సైగలతోనే మాట్లాడేవారట. చెవుల్లో దూది పెట్టుకోవడం తప్ప అప్పట్లో వాళ్ళకి తెలిసిన జాగ్రత్త లేదు. రిటైరయ్యాక మొదట టీవీ సౌండు పెరిగింది. తర్వాత ఫోను అమ్మకి ఇచ్చేయడం మొదలైంది. ఒకసారి అమ్మ ‘వచ్చేటప్పుడు ఇస్త్రీ కొట్టు దగ్గర నా చీర తీసుకురండి’ అని ఫోన్లో చెబితే, అరకిలో కీర దోసకాయలు తెచ్చారు. అందరం పడీపడీ నవ్వాం. నాన్న కూడా నవ్వారు. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తడం ఇంకా తగ్గించేశారు.

నన్ను ఇబ్బంది పెట్టింది అది కాదు. మా అక్క కూతురికి నాలుగేళ్ళు. అది ఏదో చెబుతుంది, తాతయ్య ‘ఆఁ?’ అంటారు. మళ్ళీ చెబుతుంది, మళ్ళీ ‘ఆఁ?’. మూడోసారి అది చెప్పదు, వెళ్ళి అమ్మమ్మకి చెప్పుకుంటుంది. ఈ సంక్రాంతికి చూస్తే అసలు తాతయ్య దగ్గరికి వెళ్ళడమే మానేసింది. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు, మాటలుండవు.

ఇక ఊరుకోలేదు. నాన్నని హైదరాబాద్ తీసుకొచ్చా. ఆ తర్వాత రెండు నెలల్లో ఈ చెవి మిషన్ల సంగతి తెలుసుకున్నంతగా నా ఆఫీసు ప్రాజెక్టు గురించి కూడా తెలుసుకోలేదు. మీ ఇంట్లోనూ టీవీ సౌండు పెరుగుతుంటే ఇందులో కొంతైనా పనికొస్తుందని రాస్తున్నా.

మొదట మిషన్ల షాపుకి కాదు, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కొంతమందికి లోపల గుబిలి గట్టిపడి ఉంటుంది, తీస్తే సగం సమస్య పోతుంది. కొందరికి కర్ణభేరికి చిల్లు ఉంటుంది. ఒక చెవి మాత్రమే తగ్గినా, చీము కారుతున్నా, కళ్ళు తిరుగుతున్నా డాక్టరు చూడాల్సిందే. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడకపోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. దానికి వెంటనే మందు మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, వారాలు గడిస్తే ఉండదు.

నాన్నకి అవేవీ లేవు. వయసు, మిల్లు కలిసి చేసిన పని. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, మాట లోపాల కోసమే ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. నేను అటుగా వంద సార్లు వెళ్ళుంటాను, ఆ బోర్డు ఎప్పుడూ చదవలేదు. కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. నా సలహా ఒకటే. పరీక్ష ఇలాంటి చోట చేయించుకోండి, మిషన్ ఎక్కడైనా కొనండి. మిషన్ అమ్మేవాళ్ళు ‘ఉచితంగా’ చేసే పరీక్ష తప్పని నేననను. కానీ గ్రాఫు చేతిలో పెట్టుకుని షాపులోకి వెళ్ళే మనిషికీ, ఖాళీ చేతులతో వెళ్ళే మనిషికీ వాళ్ళు చెప్పే ధరలో తేడా ఉంటుంది.

ఆ గ్రాఫు పేరు ఆడియోగ్రామ్. అడ్డంగా శబ్దం ఎంత సన్నంగా ఉందో, నిలువుగా ఎంత గట్టిగా వినిపిస్తే ఆ మనిషి విన్నాడో ఉంటుంది. నాన్న కుడి చెవి లెక్క ఇది: 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 1000 దగ్గర 45, 2000 దగ్గర 60, 4000 దగ్గర 75. ఎడమది ఇంకాస్త ఎక్కువ. అంటే బొంగురు శబ్దాలు బాగానే వినపడుతున్నాయి, సన్నవి పోయాయి. మన మాటల్లో అచ్చులకి బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ, చ, త లాంటి హల్లుల పదును పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. అందుకే ‘వినపడుతోందమ్మా, అర్థం కావట్లేదు’ అని నాన్న అన్నది అక్షరాలా నిజం. చీరకీ కీరకీ మధ్య ఉన్న ఆ ఒక్క హల్లే ఆయనకి అందడం లేదు. పసిపిల్లల గొంతు సన్నం కాబట్టి అది ఇంకా కష్టం. ఇలాంటి వాళ్ళ చెవి దగ్గర గట్టిగా అరిస్తే అచ్చులు మరీ గట్టిగా వినపడతాయి తప్ప హల్లులు స్పష్టం కావు. పైగా మనం తిడుతున్నామనుకుంటారు.

గ్రాఫుతో పాటు మాటల పరీక్ష కూడా అడగండి. కొన్ని మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. అది తెలుగు మాటలతోనే చేయాలి. ఇంగ్లీషు మాటలు వినిపించి మా నాన్న చెప్పలేకపోతే అది చెవి లోపమో, ఇంగ్లీషు లోపమో ఎవరికి తెలుస్తుంది?

3 లక్షల 20 వేలు

గ్రాఫు తీసుకుని మొదట వెళ్ళిన షాపు అద్దాల తలుపులు, ఏసీ, కాఫీతో చాలా మర్యాదగా ఉంది. పేరు అనవసరం. పావుగంట మాట్లాడి ‘సార్‌కి ఇదే బెస్టండి’ అని జతకి 3 లక్షల 20 వేలు చెప్పారు. నాన్న వినలేదు, లేదా విననట్టు ఉన్నారు. నేను కొంచెం తక్కువలో అడిగేసరికి ఆ అబ్బాయి గొంతు తగ్గించి ‘మేడమ్, ట్రీట్ చేయకపోతే డిమెన్షియా వస్తుంది, మరి మీ ఇష్టం’ అన్నాడు.

ఈ మాట మీరూ వింటారు, కాబట్టి అసలు విషయం చెప్పుకుందాం. మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం తగ్గించుకోగలిగే కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ కమిషన్ చెప్పింది, 2024 నివేదికలోనూ ఉంది. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ వయసున్న 977 మంది మీద మూడేళ్ళు చేసిన పరిశోధన 2023లో వచ్చింది. మొత్తం అందరినీ కలిపి చూస్తే మిషన్ పెట్టుకున్నవాళ్ళకీ, లేనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళలో మాత్రం మెదడు చురుకు తగ్గే వేగం 48 శాతం తక్కువగా కనిపించింది. చెవిని అశ్రద్ధ చేయొద్దని చెప్పడానికి ఇది చాలు. లక్షన్నర మిషన్ పెడితే జబ్బు రాదు, యాభై వేలది పెడితే వస్తుంది అని చెప్పడానికి ఏ పరిశోధనా లేదు.

రాత్రి భోజనాల దగ్గర నాన్న తేల్చేశారు. ‘నాకొద్దమ్మా. వినాల్సినవన్నీ విన్నాను. నీ ఫ్లాటు ఈఎంఐ చూసుకో.’ ఆ షాపులో ఆయన అంకె విన్నారన్నమాట.

అసలు దేనికి అంత డబ్బు? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా కాబట్టి ఇది కొంచెం తవ్వాను. ఈ మిషన్ అంటే చెవి వెనక పెట్టిన చిన్న కంప్యూటరు. మైకు శబ్దం తీసుకుంటుంది, చిప్పు దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత పెంచాలో ఆ గ్రాఫుని బట్టి పెంచి, పది మిల్లీసెకన్ల లోపే చెవిలోకి పంపాలి. అంతకన్నా ఆలస్యమైతే అసలు గొంతూ, మిషన్ గొంతూ రెండూ వేరుగా వినపడి తల నొప్పి పుడుతుంది. ఇదంతా గింజంత బ్యాటరీ మీద రోజంతా నడవాలి. కష్టమైన పనే, ఒప్పుకుంటా. కానీ ఒకే కంపెనీ ఒకే తరం చిప్పు మీద నాలుగైదు ధరల్లో మోడళ్ళు అమ్ముతుంది. పై మోడల్లో ఎక్కువ ఛానెళ్ళు, గోలలోంచి ఎదుటి మనిషి మాటని విడదీసే తెలివి కాస్త ఎక్కువ ఉంటాయి. రోజూ మీటింగులు, హోటళ్ళు, క్లాసులు ఉన్న మనిషికి ఆ తేడా విలువైనదే. పొద్దున కాలవగట్టు, సాయంత్రం అరుగు, రాత్రి టీవీ సీరియల్ ఉన్న మా నాన్నకి 48 ఛానెళ్ళు ఎందుకు? అది ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్స్ లెక్క లాంటిది. కొంతవరకే పనికొస్తుంది, ఆ పైన అమ్మడానికి పనికొస్తుంది.

దీనికన్నా వందరెట్లు ముఖ్యమైనది సెట్టింగు. మిషన్‌ని ఆ మనిషి చెవికి తగ్గట్టు సరిచేయాలి. కంప్యూటర్లో ఆడియోగ్రామ్ అంకెలు కొట్టి ‘ఫస్ట్ ఫిట్’ బటన్ నొక్కి పంపేయడం అంటే, డిఫాల్ట్ సెట్టింగులతో సాఫ్ట్‌వేర్‌ని నేరుగా కస్టమర్‌కి పంపేయడమే. సరైన పద్ధతిలో సన్నటి గొట్టం ఉన్న మైకుని చెవి లోపల పెట్టి, కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. ‘మీ దగ్గర ఇది ఉందా?’ అని అడగండి. నేను అడిగిన మూడు చోట్లలో ఒక్కచోటే ఉంది. ఒకచోట అయితే ఆ మాటే మొదటిసారి విన్నట్టు చూశారు. ఫిట్ చేసే మనిషి ఆడియాలజిస్టేనా, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగడానికి మొహమాటం వద్దు. ఆర్‌సీఐ నంబరు అంటే చాలు, వాళ్ళకి తెలుస్తుంది.

సెట్టింగు సంగతి మా ఊళ్ళో పక్కింటి బాబాయిగారిని చూస్తే తెలుస్తుంది. ఆయనకి ఒక క్యాంపులో చెవి మిషన్ ఉచితంగా వచ్చింది. బీరువాలో ఉంది. ఎందుకు పెట్టుకోరని అడిగితే ‘ఆయ్, పెట్టుకుంటే గిన్నెల మోతండీ, ఈలండీ’ అన్నారు. మిషన్ పాడవలేదు. దాన్ని ఆయన చెవికి సర్దినవాళ్ళు ఎవరూ లేరు, అంతే.

డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

నాకు బాగా కోపం తెప్పించిన భాగం ఇదే. నాన్న గ్రాఫులో నాలుగు అంకెల సగటు కడితే కుడి చెవి 52, ఎడమ 56. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ దాటితేనే వినికిడి లోపం ఉన్నట్టు. అంటే మనవరాలి మాట అర్థం కాని మనిషి, కాగితం మీద బాగానే ఉన్నాడు! సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే కేంద్రం ఇచ్చే అడిప్ పథకం లేదు. సర్టిఫికెట్ ఉండి, నెల ఆదాయం 22,500 లోపుంటే ఆ పథకంలో మిషన్ పూర్తి ఉచితం, 30,000 లోపుంటే సగం ధర. అలాగే ఆదాయపు పన్నులో, పాత పద్ధతి ఎంచుకున్నవాళ్ళకి, వైకల్యం ఉన్న తల్లిదండ్రుల్ని పోషిస్తున్నందుకు 75,000 మినహాయింపు ఉంది. అదీ సర్టిఫికెట్ ఉంటేనే. మీ ఇంట్లో సగటు 60 దాటితే మాత్రం మొదట ఆ సర్టిఫికెట్ పని చూడండి, మిషన్ తర్వాత కొనొచ్చు.

60 ఏళ్ళు దాటిన పేదవాళ్ళకి ఇంకో దారి ఉంది, రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకీ, నెలకి 15,000 లోపు ఆదాయం ఉన్నవాళ్ళకీ చేతికర్రలు, వీల్‌ఛైర్లు, కళ్ళజోళ్ళు, పళ్ళసెట్లతో పాటు చెవి మిషన్లు కూడా ఇస్తారు. కాన్పూర్‌లో ఉన్న అలింకో అనే ప్రభుత్వ సంస్థ వీటిని అందిస్తుంది. క్యాంపు పెట్టినప్పుడు పేరు రాయించుకోవాలి, ముందు కొలతలు తీసుకుంటారు, తర్వాత మరో రోజు ఇస్తారు. బాబాయిగారికి వచ్చింది ఇలాంటి దాన్లోనే. ఉచితంగా వచ్చిందని తీసిపారేయకండి. దాన్ని పట్టుకెళ్ళి ఒక మంచి ఆడియాలజిస్టుకి ఫీజు ఇచ్చి సర్దించుకుంటే చాలామందికి సరిపోతుంది. ఆ సంగతి చెప్పి బాబాయిగారి మిషన్‌ని బీరువాలోంచి తీయించాను.

మా ఆఫీసు ఇన్సూరెన్సులో అమ్మానాన్నలు ఉన్నారు. చెవి మిషన్ మాత్రం మినహాయింపుల జాబితాలో ఉంది. చాలా పాలసీలు ఇంతే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు సీజీహెచ్‌ఎస్ కింద ఒక పరిమితి వరకు రాబట్టుకోవచ్చు, కానీ కొనేముందే అనుమతి తీసుకోవాలి. మిల్లు మెకానిక్‌కి ఏ హెచ్‌ఎస్సూ లేదు.

డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ‘కాస్ట్‌కోలో జత 1500 డాలర్లే, నేను పట్టుకొస్తా’ అన్నాడు. అక్కడ 2022 అక్టోబరు నుంచి కొన్ని రకాలు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. ఆపిల్ వాళ్ళ ఎయిర్‌పాడ్స్ ప్రో 2ని చెవి మిషన్‌లా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి 2024లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఇవన్నీ కొద్దిగా, మధ్యస్థంగా లోపం ఉన్నవాళ్ళ కోసం. నాన్నకి పై ఫ్రీక్వెన్సీల్లో 75, 80 ఉంది. పైగా అక్కడ కొన్న కొన్ని మిషన్లని ఆ దుకాణం వాళ్ళ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకెవరూ తెరవలేరు. తణుకులో ఈల వేస్తే డల్లాస్ వెళ్ళి సర్దించుకోలేం కదా. వద్దన్నాను.

చివరికి ఒక మధ్యరకం మోడల్ ఎంచుకుని, అదే మోడల్ మూడు చోట్ల అడిగాను. పెట్టె మీద ధర ఒక్కోటి 1,10,000. ఒకరు డిస్కౌంటు పోను 78,000 అన్నారు, ఒకరు 62,000, ఆ గొట్టం మైకు పరీక్ష ఉన్నవాళ్ళే 55,000 అన్నారు. ‘యాభై శాతం తగ్గింపు’ బోర్డులకి ఎంత అర్థం ఉందో చూడండి. ప్రకటనల్లో కనిపించే ధర దాదాపు ఎప్పుడూ ఒక్క చెవికే, ఇది గుర్తుంచుకోండి. హియరింగ్ ఎయిడ్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. బిల్లులోనే వారంటీ ఎన్నేళ్ళు, ఎన్నిసార్లు ఉచితంగా సర్దుతారు, పోగొట్టుకుంటే ఏంటి అన్నవి రాయించుకున్నాను.

ఒక చెవికి చాలు, సగం డబ్బు మిగులుతుందని నాన్న పట్టుబట్టారు. రెండు చెవులూ తగ్గినప్పుడు ఒక్కదానికే పెడితే శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో తెలియదు, గోలలో మాట పట్టుకోవడం కష్టం. రోడ్డు మీద సైకిల్ తొక్కే మనిషికి వెనక లారీ ఎటు నుంచి వస్తోందో తెలియాలిగా! అక్కడ మెత్తబడ్డారు.

అయిదు వేలు డిపాజిట్ కట్టి వారం రోజులు ఇంటికి తీసుకెళ్ళాం. ట్రయల్ ఇవ్వని చోట కొనొద్దు, ఎంత తగ్గించినా సరే. వాళ్ళ ఏసీ గదిలో అన్ని మిషన్లూ బ్రహ్మాండంగానే వినిపిస్తాయి. మిక్సీ తిరుగుతున్న వంటిల్లు, ఆర్టీసీ బస్సు, గుడిలో మైకు, అసలు పరీక్ష అక్కడ. నాన్న మొదటి రోజు ‘నా గొంతే నాకు కుండలోంచి వస్తున్నట్టుంది’ అన్నారు. చెప్పుల చప్పుడు, పేపరు తిప్పిన చప్పుడు కూడా మోత. మెదడు ఏళ్ళ తరబడి వినని శబ్దాలవి, అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట రోజుకి రెండు గంటలు, ఇంట్లోనే. రెండోసారి వెళ్ళినప్పుడు పై ఫ్రీక్వెన్సీలు కొంచెం తగ్గించారు, మూడోసారి మళ్ళీ కొంచెం పెంచారు.

బ్యాటరీలు మార్చేదా, ఛార్జింగుదా అన్నది చేతుల్ని చూసి తేల్చుకోవాలి. 312 సైజు బ్యాటరీ కందిపప్పు కన్నా కాస్త పెద్దది, వారానికొకటి మార్చాలి. 31 ఏళ్ళు పానాలు పట్టిన వేళ్ళతో నాన్నకి అది పట్టుకోవడమే కుదరలేదు. ఛార్జింగుది తీసుకున్నాం. కోస్తా తేమకి రాత్రిపూట తేమ పీల్చే గుళికల డబ్బా కూడా ఒకటి.

లక్షా పదివేలు. నాన్న తన పోస్టాఫీసు డబ్బు 40,000 పెట్టేదాకా ఒప్పుకోలేదు. అక్క 30, నేను 40. అయిదేళ్ళు వస్తుందనుకుంటే రోజుకి అరవై రూపాయలు పడుతుంది నాన్నా అని లెక్క చెప్పాను, తక్కువే కదా అన్న ఉద్దేశంతో. ‘అంటే నెలకి పద్దెనిమిది వందలా! కరెంటు బిల్లు కూడా అంత రాదే’ అన్నారు.

అన్నీ సర్దుకోలేదు. పెళ్ళి భోజనాల హాల్లో ఇప్పటికీ కష్టమే, అక్కడ ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహం చూస్తూ మాట్లాడాలి. ఆయన ఫోన్లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వేసిచ్చాను, ఎదుటివాళ్ళ మాట తెలుగు అక్షరాల్లో తెర మీద వస్తుంది, పైసా ఖర్చు లేదు. మిషన్ కొనలేనివాళ్ళు కూడా దీన్ని ఈరోజే వేసుకోవచ్చు. గోదావరి యాసకి అది అప్పుడప్పుడు వింత రాతలు రాస్తుంది, నాన్నా మనవరాలూ వాటిని చూసి నవ్వుకుంటున్నారు. అమ్మకి మాత్రం ఒక కష్టం వచ్చిపడింది, వంటింట్లో సణుక్కోవడానికి లేదు.

పోయిన వారం పెదనాన్న ఫోన్ చేశారు. ఆయనకి 71, టీవీ సౌండు మా ఇంటిదాకా వినిపించే మనిషి. నాన్న గొంతు పెంచి చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను. ‘ముందు గ్రాఫు తీయించుకో అన్నయ్యా. షాపుకి అప్పుడే వెళ్ళకు... ఆఁ, గ్రాఫు! గ్రాఫు! జతకా, ఒక్కదానికా అని అడుగు. చెవిలో గొట్టం పెట్టి చూస్తారా అని అడుగు... సరే, ఫోను వదినకి ఇవ్వు.’